ఒకే రోడ్డున్న ఊరికి ఇల్లు మార్చడం: బండి ఎంపిక నుంచి అప్పగింత దాకా ఒక కేస్ స్టడీ

ప్రధాన భూభాగం మీద రెండో అంతస్తులో, లిఫ్టు లేని ఫ్లాటు. అక్కణ్ణుంచి ద్వీపకల్పం కొసకు దగ్గర్లో, సముద్రానికి రెండు వీధుల ఇవతల ఉన్న ఇంటికి సామాను చేర్చాలి. దూరం 38 కిలోమీటర్లు, రెండు పడకగదుల సామాను. ఇంటివాళ్లు అడిగింది కంటైనర్ బాడీ ఉన్న పెద్ద వ్యాను ఒకటి, ఆదివారం పొద్దున, ఒకే ట్రిప్పు. చివరికి సామాను వెళ్లింది రెండు వ్యాన్లలో, గురువారం నాడు. ఒకే ట్రిప్పు అన్న మాట మాత్రం నిలబడింది.

ఇలాంటి ఊళ్లకు కిలోమీటర్లు చూసి బండి మాట్లాడితే లెక్క తప్పుతుంది. పని సజావుగా సాగుతుందా, రాత్రి దాకా ఈడుస్తుందా అన్నది రెండు ఇరుకుల దగ్గర తేలిపోతుంది. ద్వీపకల్పం సన్నబడి ప్రధాన భూభాగానికి అతుక్కునే మెడ దగ్గర రోడ్డు మొదటిది. కొత్త ఇంటి ముందు సందు రెండోది. మెడ దాటే వేళను బట్టి రోజును, సందును బట్టి బండిని ఎంచుకోవాలి. చాలామంది రోజును సెలవును బట్టీ, బండిని సామాను గుట్టను బట్టీ ఎంచుకుంటారు. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి.

ముందుగా చూసిన చోట్లు

మెడ పొడవు సుమారు 4 కిలోమీటర్లు, రెండు లేన్ల రోడ్డు. అందులో 600 మీటర్ల మేర రోడ్డు బాగా పల్లంలో ఉంది. అమావాస్య, పౌర్ణములకు వచ్చే పెద్ద పోటుకు గాలి కూడా తోడైతే కెరటం రోడ్డు మీదికి ఎక్కుతుంది. ఆ ముక్క మూసేస్తే చుట్టూ తిరిగి వెళ్లడానికి ఇంకో దారి లేదు. అదే రోడ్డు మీద సెలవు రోజుల్లో బీచ్‌కు వెళ్లే కార్లు పది గంటల నుంచి బారులు తీరతాయి.

కొత్త ఇంటి సందు వెడల్పు టేపు పెట్టి కొలిస్తే 2.9 మీటర్లు. 90 మీటర్ల లోపల లంబకోణపు మలుపు ఒకటి, దాని తర్వాత ఇల్లు. పెద్ద వ్యాను బాడీ వెడల్పు 2.25 మీటర్లు, అద్దాలతో కలిపితే 2.6 దాటుతుంది. తిన్నని సందులో ఎలాగో దూరుతుంది గానీ మలుపు తిరగదు. బండి తిరుగుతున్నప్పుడు వెనక చక్రం లోపలి మూలను కోసుకుంటూ వస్తుంది, ముందూ వెనకా ఇరుసుల మధ్య దూరం ఎక్కువైన కొద్దీ ఆ కోత పెరుగుతుంది. అందుకే సందు వెడల్పు ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. మలుపు దగ్గర రెండు గోడల ఫోటో, పైన వేలాడే కరెంటు తీగల ఎత్తు, చివర బండి వెనక్కి తిప్పుకునే జాగా ఉందో లేదో కూడా కావాలి. కంటైనర్ బాడీ ఎత్తు 3.2 మీటర్లకు పైనే ఉంటుంది కాబట్టి తీగలు, చెట్టు కొమ్మలు, బాల్కనీ అంచులు చూసుకోకపోతే దెబ్బ సరిగ్గా క్యాబిన్ పైన పొడుచుకొచ్చిన డబ్బా మూలకు తగులుతుంది. అద్దె ఒప్పందాల్లో బీమా వర్తించని నష్టాల జాబితాలో తరచూ కనిపించేదీ ఆ మూలే.

ఘనపరిమాణం: ఇది పట్టింది

సామాను జాబితా గదుల వారీగా రాసి, ప్రతిదానికీ పొడవు, వెడల్పు, ఎత్తు గుణించారు. మూడు సీట్ల సోఫా 2.0 × 0.9 × 0.85, అంటే ఒకటిన్నర ఘనమీటరు. ఒంటి సోఫాలు రెండూ కలిసి 1.2. ఇనుప బీరువా 0.86, ఫ్రిజ్ 0.77, వాషింగ్ మెషీన్ 0.31. చెక్క అల్మరా నిలబెట్టి ఉంటే 1.37 ఘనమీటర్లు తింటుంది, పలకలుగా విప్పితే 0.4కు దిగుతుంది. విప్పడానికి పట్టే నలభై నిమిషాలకు ఇంతకన్నా మంచి ప్రతిఫలం ఉండదు. పుస్తకాల చిన్న పెట్టెలు 18, మధ్యరకం పెట్టెలు 24, బట్టలు పరుపుల మెత్తటి మూటలు 12. మంచాలు, బల్లలు, కుర్చీలు, సైకిళ్లు, పూలకుండీలు కలుపుకుని మొత్తం 14.4 ఘనమీటర్లు.

సామాను నీళ్లలా బండిని నింపదు, సందులు మిగులుతాయి. నేర్పుగా సర్దినా ఐదో వంతు జాగా వృథా అవుతుంది. 14.4ను 0.8తో భాగిస్తే 18 ఘనమీటర్లు. అడిగిన కంటైనర్ వ్యానులో సరిగ్గా అంతే పడుతుంది. కాగితం మీద ఇంటివాళ్ల లెక్క సరిపోయినట్టే కనిపించింది.

బరువు: ఇది పట్టలేదు

ఆ వ్యాను రోడ్డు మీద తిరగడానికి అనుమతి ఉన్న మొత్తం బరువు 3,500 కిలోలు. యూరప్‌లో చాలాచోట్ల మామూలు కారు లైసెన్సుతో నడపగల పరిమితి అదే. భారతదేశంలో తేలిక వాహనాల లైసెన్సుకు 7,500 కిలోల దాకా వీలుంది. అద్దెకిచ్చే చోట ‘మూడున్నర టన్నుల బండి’ అన్న మాట వినగానే మూడున్నర టన్నుల సామాను పట్టే బండి అనుకునేవాళ్లకు కొదవ లేదు. ఆ అంకెలో బండి సొంత బరువు కూడా కలిసే ఉంటుంది.

ఈ బండి ఖాళీ బరువు 2,450. డబ్బా, వెనక సామాను ఎత్తి దించే పలక (టెయిల్ లిఫ్ట్) రెండూ ఉక్కు, అల్యూమినియం పనులు కాబట్టి తేలిగ్గా ఉండవు. మిగిలింది 1,050 కిలోలు. డ్రైవరు, పక్కన ఒక మనిషి కలిపి 150. దుప్పట్లు, ట్రాలీ, బెల్టులు 60. సామానుకు దక్కింది 840 కిలోలు. ఖాళీ బరువులో డ్రైవరును, డీజిలును ముందే కలిపి రాసే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. ఆ కాగితం చూడకుండా తీసివేతలు చేస్తే డ్రైవరు బరువు 75 కిలోలు రెండుసార్లు తీసేసినట్టవుతుంది, లేదా అసలు తీయనట్టే అవుతుంది.

ఇప్పుడు సామాను బరువు. ఇళ్లు మార్చేవాళ్ల వాడుక లెక్క ఒకటుంది: ఘనపుటడుగుకు 7 పౌండ్లు, అంటే ఘనమీటరుకు సుమారు 112 కిలోలు. దాని ప్రకారం 14.4 ఘనమీటర్లకు 1,600 కిలోల పైచిలుకు. వస్తువు వస్తువుకూ వేసి చూస్తే ఇంకొంచెం ఎక్కువే, 1,700 వచ్చింది. కారణం పుస్తకాలు. 40 × 30 × 30 సెంటీమీటర్ల పెట్టె నిండా పుస్తకాలు పెడితే 22 కిలోలు తూగుతుంది. 18 పెట్టెలు కలిపి దాదాపు 400 కిలోలు. అవి ఆక్రమించే చోటు 0.65 ఘనమీటరు మాత్రమే, సోఫాలో సగం కూడా కాదు.

అంటే అడిగిన బండిలో సామాను మొత్తం పట్టేది, తలుపులు కూడా మూసుకునేవి, బండి మాత్రం అనుమతించిన దానికంటే 860 కిలోలు అదనంగా మోస్తూ రోడ్డెక్కేది. బ్రేకు ఆలస్యంగా పట్టడం, వెనక టైర్లు వేడెక్కి పగలడం, తనిఖీలో పట్టుబడితే అక్కడే సామాను దించమనడం, ప్రమాదం జరిగితే బీమా చేతులెత్తేయడం ఈ ఒక్క తప్పులోంచే వస్తాయి. మెడ రోడ్డు మీద బండి ఆగిపోతే ఊరు ఊరంతా ఆగిపోతుంది.

మూడు దారులు తూచి చూస్తే

మొదటిది, అదే బండితో రెండు ట్రిప్పులు. ఎక్కించడం, దించడం కలిపి ఆరు గంటలు, మెడ దాటడం నాలుగుసార్లు. ఒక్కో వైపు గంట అనుకున్నా పది గంటల పని. రెండో లోడు మధ్యాహ్నం సముద్రపు గాలిలో, బీచ్ రద్దీలో దాటాలి. ఎక్కడ చిన్న ఆలస్యం జరిగినా సామాను సగం ఒక ఊళ్లో, సగం ఇంకో ఊళ్లో ఉండగా చీకటి పడుతుంది.

రెండోది, 7.5 టన్నుల తరగతి లారీ. బరువు, చోటు రెండూ సరిపోతాయి. సందు మొదట్లో ఆగిపోతుంది కాబట్టి అక్కణ్ణుంచి మలుపు తిరిగి ఇంటి దాకా అంతా చేతుల మీద మోయాలి. దాదాపు తొంభై చేతిమోతలు, ఒక్కోటీ పోనూ రానూ ఐదు నిమిషాల దాకా. నలుగురు మనుషులతో కనీసం రెండు గంటల అదనపు పని, అదీ ఎండలో. ఆ బండి ఈ ఊళ్లో దొరకదు, బయటినుంచి రావాలి, ఖాళీగా వెనక్కి వెళ్లే దూరానికి కూడా కిరాయి ఇచ్చుకోవాలి. ద్వీపకల్పంలోంచి బయటికి మారేవాళ్లకైతే ఇదే విషయం కలిసొస్తుంది. సరుకు దింపి ఖాళీగా పోయే లారీని ముందుగా మాట్లాడుకుంటే కిరాయి బాగా తగ్గుతుంది. లోపలికి మారేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు.

మూడోది, పెద్ద వ్యానుతో పాటు ఒక మధ్యరకం వ్యాను, రెండూ ఒకేసారి మెడ దాటేలా. ఎంచుకున్నది ఇదే. మధ్యరకం వ్యాను లోపలి చోటు 5.5 ఘనమీటర్లే, పెద్ద బండిలో మూడో వంతు కూడా లేదు. మోసే బరువు మాత్రం 1,020 కిలోలు, ఇంచుమించు పెద్ద బండంతే. పెద్ద డబ్బా, లిఫ్టు లేకపోవడంతో బండి సొంత బరువు తక్కువ, ఆ బరువులో ఎక్కువ భాగం సామానుకే మిగులుతుంది. బరువైన చిన్న వస్తువులు ఇందులోకి, తేలికైన పెద్ద వస్తువులు డబ్బాలోకి వెళ్తే రెండు బండ్లూ పరిమితిలోనే ఉంటాయి. పైగా ఈ చిన్న బండి సందు మలుపు తిరుగుతుంది, అక్కడ అదే అటూ ఇటూ తిప్పే బండిగా పనికొస్తుంది.

పంపకం మొదట ఇలా వేశారు: పుస్తకాలు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, బీరువా, వంటింటి పెట్టెలు చిన్న బండిలోకి. ఫ్రిజ్ దగ్గర లెక్క తిరగబడింది. చిన్న బండి లోపలి ఎత్తు 1.4 మీటర్లు, ఫ్రిజ్ ఎత్తు 1.7. పడుకోబెడితే కంప్రెసర్‌లోని నూనె గ్యాసు గొట్టంలోకి పారుతుంది. కాబట్టి ఫ్రిజ్ పెద్ద బండికి, దాని బదులు మధ్యరకం పెట్టెలు ఇంకో ఆరు చిన్న బండికి మారాయి. చివరి లెక్కలో చిన్న బండికి 18 పుస్తకాల పెట్టెలు, 22 మధ్యరకం పెట్టెలు, వాషింగ్ మెషీన్, బీరువా కలిపి 800 కిలోలు.

పూలకుండీలు మాత్రం ఎటూ వెళ్లలేదు. 12 కుండీలు 105 కిలోలు తూగుతున్నాయి. అందులో ఎక్కువ భాగం పలుచని ఆకుల మొక్కలు, ఉప్పుగాలికి అంచులు మాడిపోయే రకం. పాత ఇంటి పక్కవాళ్లకు ఇచ్చేయమన్న సలహాను ఇంటావిడ రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు. దాంతో మొత్తం 1,595 కిలోలకు దిగింది, పెద్ద బండి వాటా 795.

రోజు, వేళ

ఇంటివాళ్లు అడిగిన ఆదివారానికి ముందు రోజే పౌర్ణమి. పెద్ద పోట్లు పౌర్ణమి నాడే కాదు, చాలాచోట్ల ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు గరిష్ఠానికి చేరతాయి. ఆ ఆదివారం పోటు సమయం పదిన్నర. పల్లపు రోడ్డు మీదికి నీళ్లొచ్చే వేళ, బీచ్ కార్లు బారు తీరే వేళ, సామాను బండి మెడ చేరే వేళ మూడూ ఒకటయ్యేవి.

పోటుకూ పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ప్రతిరోజూ పోటు ముందు రోజు కన్నా సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. రోజుకు రెండు పోట్లు వచ్చే తీరాలన్నిటికీ ఈ లెక్క పనికొస్తుంది, కచ్చితమైన నిమిషాలకు మాత్రం ఆ రేవు పోటు పట్టిక చూసుకోవాల్సిందే. ఆదివారం 10:30 అయితే గురువారం 1:50 ప్రాంతానికి పోటు, అంతకు ఆరు గంటల పది నిమిషాల ముందు, 7:40కి ఆటు. పైగా పౌర్ణమి దాటి ఐదో రోజు కాబట్టి పోటు ఎత్తు కూడా తగ్గుతుంది. తుఫాను సూచన ఉంటే ఈ లెక్క మీద ఆధారపడకూడదు. వాతావరణ పీడనం ఒక మిల్లీబారు తగ్గితే నీటిమట్టం దాదాపు ఒక సెంటీమీటరు లేస్తుంది, ఒడ్డుకు కొట్టే గాలి దానికి ఇంకా కలుపుతుంది.

గాలి సంగతి పోటు కన్నా ఎక్కువ సార్లు పని చెడగొడుతుంది. నేల వేడెక్కాక, పొద్దు బాగా ఎక్కాక సముద్రపు గాలి మొదలై మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్య బలంగా వీస్తుంది. పెద్ద వ్యాను పక్క వైశాల్యం సుమారు 16 చదరపు మీటర్లు. గంటకు 36 కిలోమీటర్ల గాలి అడ్డంగా కొడితే దాని మీద 100 కిలోల తోపు పడుతుంది. 54 కిలోమీటర్లయితే 225. వేగం ఒకటిన్నర రెట్లయితే తోపు రెండుంబావు రెట్లు. లోడుతో ఉన్న బండి కొంత తట్టుకుంటుంది, ఖాళీ డబ్బా తట్టుకోదు. అందుచేత లోడు బండి మెడను తొమ్మిది లోపు దాటాలి, తిరుగు ప్రయాణంలో డ్రైవరు వేగం తగ్గించుకోవాలి అని ముందే రాసిపెట్టారు.

ఒప్పందంలో చూసినవి

బండి గంటల లెక్క డిపో నుంచి డిపో దాకానా, ఇంటి నుంచి ఇంటి దాకానా. రోజుకు కిలోమీటర్ల పరిమితి ఎంత: 38 కాదు, పోనూ రానూ 76, డిపో దూరం అటూ ఇటూ కలిపితే వందకు దగ్గర. డీజిలు నిండుగా ఇచ్చి నిండుగా తీసుకునే పద్ధతైతే ద్వీపకల్పం లోపల బంకు ఉందా లేదా. ఇసుక మీద, సముద్రపు నీటిలో నడిపితే బీమా వర్తిస్తుందా. రెండో డ్రైవరు పేరు కాగితంలో ఉందా. టెయిల్ లిఫ్ట్ ఎంత ఎత్తగలదు (ఇక్కడ 500 కిలోలు), దాని బ్యాటరీ స్విచ్ ఎక్కడుంది. చివరి ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. ఆ స్విచ్ క్యాబిన్ లోపల సీటు కింద ఉండే బండ్లున్నాయి. అది తెలియక లిఫ్టు పాడైందనుకుని ఫ్రిజ్‌ను చేతులతో దింపిన సందర్భాలు ఈ పనిలో మామూలే.

ఉప్పుగాలి ఊరికి కట్టే తీరు

కంటికి కనపడని ఉప్పు పొర తీరపు ఊళ్లలో ప్రతిదాని మీదా ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పు నీటిని పీల్చుకుని తడిగా మారుతుంది, ఇనుముకు ఆ తడి చాలు. అందుకని మంచాలు విప్పేటప్పుడే బోల్టులకు గ్రీజు చుక్క రాసి, ఏ మంచం బోల్టులు ఆ మంచం పేరుతో జిప్ సంచిలో వేసి, సంచిని ఆ మంచం పట్టీకే టేపుతో కట్టేశారు. ఇనుప బీరువాకు నేరుగా ప్లాస్టిక్ చుట్టకూడదు. ముందు దుప్పటి, దాని పైన పలుచని ఫిల్ము. చేరిన రోజే విప్పేయాలి, లేకపోతే ఫిల్ము లోపల తేమ బిగుసుకుంటుంది.

అట్టపెట్టెలు తేమకు మెత్తబడతాయి. పొడి ఊళ్లో ఐదు వరసలు ఆగే పెట్టెలు తీరంలో రాత్రంతా వరండాలో ఉంటే అడుగు వరస నలిగిపోతుంది. కాబట్టి మూడు వరసలే, అదీ గది లోపల. అడుగు అతుకుకు టేపు ఒకటి కాదు, మూడు పట్టీలు.

ఫ్రిజ్ ముందు రోజు మధ్యాహ్నమే ఆపి, మంచు కరిగించి, వెనక ట్రేలో నీళ్లు పారబోసి, తలుపు బెల్టుతో కట్టారు. వాషింగ్ మెషీన్ ముందు తలుపు రకం. లోపల డ్రమ్ము స్ప్రింగుల మీద వేలాడుతుంటుంది, కుదుపులకు కొట్టుకోకుండా వెనక బిగించే రవాణా బోల్టులు కొత్తగా కొన్నప్పుడు వస్తాయి. అందరిలాగే వీళ్లూ పారేశారు. పై మూత విప్పి డ్రమ్ముకూ పెట్టెకూ మధ్య గట్టి ఫోమ్ ముక్కలు బిగించి, బండి ముందు గోడకు ఆనించి నిలబెట్టారు. బోల్టులంత భద్రం కాదు గానీ 38 కిలోమీటర్లకు ఆగింది. మెషీన్ ఆన్ చేసే ముందు ఆ ముక్కలు తీయాలని ముందు తలుపు మీద పెద్ద అక్షరాలతో కాగితం అంటించారు.

ఎక్కించడం, కాటా

బుధవారం సాయంత్రం చిన్న బండి నింపి తాళం వేశారు. నలభై పెట్టెలు రెండంతస్తులు దింపే పని చల్లని వేళలో అయిపోయింది. పెద్ద బండి గురువారం ఐదున్నరకు మొదలై 7:45కు ముగిసింది.

బరువు ఇరుసుల మధ్యే ఉండాలి. ఇరుసుల మధ్య దూరం 4 మీటర్లున్న బండిలో, వెనక ఇరుసుకు ఒక మీటరు వెనక 100 కిలోలు పెడితే వెనక ఇరుసు మీద 125 పడుతుంది, ముందు ఇరుసు మీంచి 25 లేస్తుంది. స్టీరింగు తేలికైపోయి పక్కగాలికి బండి నడక మారుతుంది. అందువల్ల ఫ్రిజ్, అల్మరా పలకలు, రాత బల్ల క్యాబిన్ గోడకు ఆనించి, వాటి తర్వాత సోఫాలు, మంచం పట్టీలు, చివర మూటలు, కుర్చీలు. పరుపులు పక్క గోడల వెంట నిలబెట్టారు. ప్రతి మీటరున్నరకూ అడ్డంగా ఒక ర్యాచెట్ బెల్టు. బెల్టును సోఫా చేతిమీద బిగిస్తే చెక్క విరుగుతుంది, కింది ఫ్రేము మీదుగా తీసుకోవాలి. క్యాబిన్ పైనున్న అరలో తలగడలు, కంబళ్లు మాత్రమే. అంత ఎత్తులో బరువు పెడితే బండి మలుపులో ఊగుతుంది.

ఎనిమిదింటికి వే బ్రిడ్జి మీద కాటా వేయించారు. పెద్ద బండి మొత్తం 3,470. అంచనాకు 15 కిలోలు ఎక్కువ, పరిమితికి 30 తక్కువ. ముందు చక్రాలు కాటా దించి వెనక ఇరుసు ఒక్కటే తూచితే 2,190, ప్లేటు మీద రాసిన పరిమితి 2,250. మొత్తం బరువు సరిపోయి వెనక ఇరుసు దాటిపోయే బండ్లు ఎక్కువ కాబట్టి రెండు తూకాలూ అవసరమే. టైర్ల గాలి తలుపు చట్రం మీది పట్టికలో నిండు లోడు వరసలో చూపినంత కొట్టించి, 8:40కి మెడ మీదికి వచ్చారు. రోడ్డు పొడిగానే ఉంది.

సందు మొదట్లో

పెద్ద బండి సందు నోటి దగ్గర, ముందు రోజే అడిగి ఖాళీగా ఉంచుకున్న చోట ఆగింది. చిన్న బండి ఇంటి దాకా వెళ్లి, తన సామాను దించేసి తిరిగొచ్చి పెద్ద బండికి వెనకకు వెనక ఆనించింది. పెద్ద బండి నేల ఎత్తు దాదాపు మీటరు, చిన్నదానిది 60 సెంటీమీటర్లు. టెయిల్ లిఫ్టును సరిగ్గా ఆ 60 దగ్గర ఆపి దాన్నే అరుగులా వాడుకున్నారు. పైనుంచి సోఫా లిఫ్టు మీదికి దిగింది, లిఫ్టు ఆ మట్టానికి వచ్చాక అడ్డంగా జరిపితే నేరుగా చిన్న బండిలోకి వెళ్లింది. నేల మీద పెట్టడం, మళ్లీ ఎత్తడం అన్నది లేదు. ఒక మనిషి బటన్ దగ్గరే ఉండాలి, లిఫ్టు కదిలేటప్పుడు ఎవరి కాలూ రెండు బండ్ల మధ్య ఉండకూడదు. పెద్ద బండి సామాను మూడు విడతల్లో ఇంటికి చేరింది. ఫ్రిజ్ ఒక్కటే ట్రాలీ మీద నిలువుగా వెళ్లింది. సందులో గాలికి కొట్టుకొచ్చిన ఇసుక ఉండటంతో ట్రాలీ చిన్న చక్రాలు మొరాయించాయి, పాత ప్లైవుడ్ పలకలు రెండు ఒకదాని తర్వాత ఒకటి పరుస్తూ లాగారు. గాలి నింపిన పెద్ద చక్రాల ట్రాలీ అయితే ఆ పలకలతో పని ఉండేది కాదు.

రెండో విడత మధ్యలో మలుపు దగ్గర ఎవరో స్కూటర్ ఆపి వెళ్లారు. చిన్న బండి తిరగలేక పాతిక నిమిషాలు ఆగింది. మలుపు దగ్గర మనిషిని నిలబెట్టే పని జాబితాలో ఉంది, దించే తొందరలో ఆ మనిషిని కూడా మోతకు పిలిచేశారు. ఆ పాతిక నిమిషాల ఫలితం పరుపు దగ్గర కనిపించింది. పన్నెండులోపే లోపలికి చేరాల్సిన పెద్ద పరుపు పన్నెండు దాటాక, సముద్రపు గాలి అందుకున్నాక బయటికొచ్చింది. మలుపు తిరిగి గాలికి ఎదురు పడగానే ఇద్దరి చేతుల్లోంచీ తిరగబడి ముందు మనిషిని గోడకు నొక్కేసింది. 1.9 × 1.5 మీటర్ల పరుపు, గంటకు 36 కిలోమీటర్ల గాలి: దాని మీద పడిన తోపు 18 కిలోలు. మోసే బరువు కన్నా అడ్డంగా నెట్టే ఈ బరువుతోనే మనిషి తూలతాడు. మోచేయి చెక్కుకుపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు. ఆ తర్వాత పరుపును గాలికి అంచు చూపేలా, అడ్డంగా కాకుండా మూడో మనిషి వెనక పట్టుకుని నడిపించారు. అద్దాలు, బల్ల పలకలు, అల్మరా పలకలు, పరుపులు గాలి రాకముందే దించాల్సిన వస్తువులు. ఎక్కించేటప్పుడు అవి చివర ఎక్కితేనే ముందు దిగుతాయి. ఈసారి పరుపులు గోడల వెంట లోపలికంటా ఉండిపోయాయి.

వెనక తలుపుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చిన్న బండి రెండు రెక్కల తలుపులు గాలికి అడ్డంగా తెరిస్తే కీలు వంగిపోయే దాకా కొట్టుకుంటాయి. బండిని గాలికి ఎలా నిలపాలో చూసుకుని, రెక్కను కొక్కేనికి తగిలించాకే చెయ్యి వదలాలి. పక్క తలుపు గాలి చాటున ఉంటే దాన్నే వాడటం మేలు.

దించడం ఒంటిగంటకు ముగిసింది. ఫ్రిజ్ నిలువుగానే వచ్చింది కాబట్టి మూడు గంటలు ఆగి ఆన్ చేశారు. పడుకోబెట్టి తెచ్చి ఉంటే ఒక రోజు ఆగడం మంచిది.

తిరుగు దారి, అప్పగింత

ఖాళీ బండ్లు రెండు గంటలకు మెడ దాటాయి, అంటే సరిగ్గా పోటు వేళకు. చిన్న పోటు కాబట్టి నీళ్లు రోడ్డెక్కలేదు, గాలికి తుంపర మాత్రం పల్లపు ముక్క పొడుగునా బండ్ల మీద కురిసింది. పెద్ద బండి గంటకు 50 దాటకుండా వచ్చింది. గోడలు, చెట్లు దాటి బయలు కనిపించే ప్రతి చోటా బండి ఒక్కసారిగా పక్కకు జరుగుతుంది, అక్కడ స్టీరింగు మీద రెండు చేతులూ ఉండాలి.

మెడ ఇవతల మొదటి బంకులో డీజిలు నింపి, పక్కనే సర్వీసింగ్ చోట మంచినీళ్లతో బండి అడుగు, చక్రాల గూళ్లు, టెయిల్ లిఫ్ట్ కీళ్లు కడిగించారు. డబ్బా లోపల ఇసుక ఊడ్చి, నాలుగు పక్కలా, పై మూలా, మీటరు, డీజిలు ముల్లు ఫోటోలు తీశాక తాళాలు ఇచ్చారు. డిపాజిట్టు పూర్తిగా తిరిగొచ్చింది.

మూడో రోజు ఇంటివాళ్లు సామాను తరలించినవాళ్లకు ఫోన్ చేసింది బీరువా గురించి. పక్క గదిలో పెట్టి మరిచిపోయారు, ఫిల్ము, దుప్పటి అలాగే ఉన్నాయి. విప్పి చూస్తే పాత గీతల వెంట, కాళ్ల దగ్గర ఎర్రటి చుక్కలు. మంచినీళ్లలో పిండిన గుడ్డతో ఉప్పు తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, చుక్కలు సన్నని ఎమెరీ కాగితంతో రుద్ది, తుప్పు ఆపే ప్రైమరు వేసి, పైన పెయింటు పూయమని చెప్పారు. బీరువాను గోడకు నాలుగు వేళ్ల దూరంలో, కాళ్ల కింద రబ్బరు బిళ్లలు పెట్టి నిలబెట్టారు.